రాగ్ క్విల్ట్‌కు గాట్లు పెట్టి పెట్టి బొటనవేలు పట్టేసింది, కత్తెర శ్రమ తగ్గే దారి ఉందా?

మల్లెపందిరి

మనవరాలికి చలికాలంలో కప్పడానికని మెత్తటి ఫ్లానెల్ గుడ్డతో మొదటిసారి రాగ్ క్విల్ట్, అంటే చదరాలు కలిపి కుట్టి ఆ కుట్ల అంచులకు పీచు లేపే దుప్పటి, కుడుతున్నాను. 8 అంగుళాల చదరాలు, అడ్డంగా 6, నిలువుగా 8, ఒక్కో చదరానికి మూడు పొరలు. ముక్కలు కోయడం, మిషన్ మీద కుట్టడం వారం రోజుల్లో అయిపోయాయి, అంతవరకు చేతికి ఏ ఇబ్బందీ రాలేదు. కుట్టు పైవైపుకు వచ్చేలా వదిలిన అరంగుళం మార్జిన్‌కు, ఉతికాక పీచు లేవడం కోసం, పావు అంగుళానికి ఒకటి చొప్పున గాట్లు పెట్టడం మొదలుపెట్టాకే బాధ మొదలైంది.

ఇంట్లో ఉన్నది 10 అంగుళాల టైలర్ కత్తెర ఒక్కటే. రెండో రోజు సాయంత్రానికి పిడి ఒరుసుకుని బొటనవేలి పక్కన ఎర్రగా కమిలింది. నాలుగో రోజు ఉదయం పట్టకారుతో పాలగిన్నె దించబోతే బొటనవేలి మొదట్లో సూది దిగినట్టయి పట్టు వదిలేశాను, అరలీటరు పాలు గట్టు మీద పారాయి. ఇప్పుడు మనవరాలికి జడ వేయడానికి దువ్వెన పట్టుకున్నా నొప్పే.

చుట్టూ ఉన్న అంచు, దానితోపాటు రెండు అడ్డవరుసలు ఇంకా మిగిలి ఉన్నాయి. మిగతాది టైలరుకు ఇచ్చేయమని మావారు అంటున్నారు, కానీ మొదటి ముక్క నుంచి నేనే కుట్టినదాన్ని చివర్లో ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. ఈ పని తరచుగా చేసేవారు చేతికి శ్రమ లేకుండా ఎలా చేసుకుంటున్నారో దయచేసి చెప్పండి.

పాతచీరలపెట్టె

ముందు ఆ కత్తెర పక్కన పెట్టేయండి, నొప్పి తగ్గేవరకు ఒక్క గాటు కూడా పెట్టకండి. నేను బెంగళూరు బసవనగుడిలో ఉంటాను, పాత చీరలతో బొంతలు కుడతాను. మా అమ్మమ్మ నేర్పిన బొంతలో చీరలు మడతలుగా పరిచి వరసగా కుట్లు వేసుకుంటూ పోవడమే కాబట్టి శ్రమంతా సూది పట్టిన వేళ్లకే, కత్తెరతో పని తక్కువ. ఉత్తర కర్ణాటకవాళ్ల కౌదీ అనే బొంత కూడా ఇంచుమించు అంతే. రాగ్ క్విల్ట్‌లో సూది పని మిషన్ చేసేస్తుంది, చేతికి మిగిలేదంతా కత్తెర పనే. మీరు గాట్లు పెట్టేటప్పుడు క్విల్ట్‌ను ఎక్కడ పెట్టుకున్నారు, బల్ల మీదా, ఒళ్లోనా?

మల్లెపందిరి

ఒళ్లోనే. సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ చేశాను. ఒకసారి కూర్చుంటే రెండు గంటలు లేచేదాన్ని కాదు.

లెక్కలమాస్టారు

మా ఇంట్లో క్విల్టులు కుట్టేది మా ఆవిడ, కొలతలు వేసిపెట్టేది నేను. మల్లెపందిరి గారి కొలతలతో లెక్క కట్టాను. రెండు వైపులా అరంగుళం మార్జిన్ పోగా ఒక్కో చదరం 7 అంగుళాలు మిగులుతుంది. లోపలి కుట్లు నిలువుగా 40, అడ్డంగా 42, మొత్తం 82, అంటే 574 అంగుళాలు. చుట్టూ అంచు 196 అంగుళాలు. రెండూ కలిపితే 770 అంగుళాలు. పావు అంగుళానికి ఒకటి చొప్పున 3,080 గాట్లు. ప్రతి గాటుకూ కత్తెర ఒకసారి తెరవాలి, ఒకసారి మూయాలి. పైగా రెండు చదరాలు కలిసిన చోట రెండు మార్జిన్లూ ఒకేసారి కత్తిరిస్తే కత్తెర కింద ఆరు పొరల ఫ్లానెల్ ఉంటుంది. చేయి పట్టేయడంలో ఆశ్చర్యం లేదు.

అదే అరంగుళానికి ఒక గాటు అయితే మొత్తం 1,540. మీకు మిగిలిన రెండు వరుసలు, అంచు కలిపి 280 అంగుళాలు కాబట్టి, పావు అంగుళం లెక్కన 1,120 గాట్లు పెట్టాల్సిన చోట 560 సరిపోతాయి. మిగతా అంతా దగ్గర దగ్గరగా, అంచు, ఆ రెండు వరుసలు మాత్రం కొంచెం ఎడంగా ఉంటే ఎవరికీ తేడా తెలియదు.

తరువాతి క్విల్ట్‌కు ఇంకో మాట. 10 అంగుళాల చదరాలు, అడ్డంగా 5, నిలువుగా 6 పెట్టుకుంటే తయారయ్యాక 45 అంగుళాలకు 54 వస్తుంది, ఇప్పటి 42 అంగుళాలకు 56తో దాదాపు సమానం. కోయవలసిన ముక్కలు 144 నుంచి 90కి తగ్గుతాయి, గాట్లు పడే పొడవు 770 అంగుళాల నుంచి 639కి తగ్గుతుంది.

నూలుపోగు

మాస్టారు చెప్పినట్టు అరంగుళానికి ఒకటి చాలు. పీచు పలచగా కనిపిస్తుందేమోనని నేనూ మొదట్లో భయపడ్డాను. పీచు లేపేది ఉతుకే. మొదటి ఉతుకులో అంచులు గరుకుగా లేస్తాయి, మూడో ఉతుకుకు మెత్తగా విచ్చుకుంటాయి. మన ఇళ్లలో డ్రయ్యర్లు తక్కువ కాబట్టి, డాబా మీద ఆరేసి, కొంచెం తడి ఉండగానే బట్టల బ్రష్షుతో గాట్లకు అడ్డంగా రుద్దుతాను. అయితే బట్ట నూలుదై ఉండాలి. పాలిస్టర్ బాగా కలిసిన బట్టకు ఎన్ని గాట్లు పెట్టినా పీచు సరిగ్గా లేవదు, చేతులు నొప్పి పెట్టడమే మిగులుతుంది.

కత్తెరశీను

హలసూరులో 31 ఏళ్లుగా కుట్టు పనిలో ఉన్నాను. నాకు తెలిసినంతలో చేతినొప్పికి మొదటి కారణం పదును లేని కత్తెర, రెండోది దాన్ని పట్టుకునే తీరు.

పెద్ద కత్తెరలో పెద్ద కన్నం నాలుగు వేళ్లకు, చిన్న కన్నం బొటనవేలికి. బొటనవేలిని మొదటి కణుపు దాటి లోపలికి పోనివ్వకూడదు. మొత్తం దూర్చేస్తే పిడి వేలి మొదట్లో ఒరుసుకుంటుంది, మల్లెపందిరి గారికి కమిలింది అందుకే అయి ఉంటుంది. బట్ట కోసేటప్పుడు కింది బ్లేడు బల్ల మీద ఆని జారుతూ పోవాలి, అప్పుడు కత్తెర బరువు బల్ల మోస్తుంది. ఒళ్లో పెట్టుకుంటే ఆ బరువంతా మణికట్టు మీదే పడుతుంది, ఎడమ చేతికి క్విల్ట్ బరువు అదనం.

ఇక కత్తెర సంగతి. పిడి ఒకటి పట్టుకుని రెండో బ్లేడును పైకెత్తి వదలండి. అది మెల్లగా జారి సగంలో ఆగాలి. కదలకుండా బిగుసుకుని ఉంటే బ్లేడ్లను కలిపే మరను కొద్దిగా వదులు చేసి, మిషన్ నూనె ఒక్క చుక్క వేసి, పాత గుడ్డతో తుడవండి. ధభాలున పడిపోతే మర వదులైందని అర్థం, అలాంటి కత్తెర బట్టను కోయకుండా నములుతుంది. ఫ్లానెల్ నూగు బ్లేడ్ల మధ్య పేరుకుంటుంది కాబట్టి అరగంటకోసారి తుడవాలి. వీధిలో సానరాయి తిప్పుకుంటూ వచ్చేవారికి కూరగాయల కత్తి ఇవ్వండి, బట్టల కత్తెర మాత్రం కత్తెరల పని తెలిసినవారికే ఇవ్వండి, ఎందుకంటే లోపలి చదును వైపు రాయికి ఆనించారంటే బ్లేడ్లు మళ్లీ కలవవు.

మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను వాడేవీ అవే. బరువు ఉంటాయి, కానీ పదును నిలుస్తుంది. ఈ స్ప్రింగు కత్తెరలూ కొత్త పరికరాలూ అక్కరలేదని నా అభిప్రాయం. మంచి కత్తెర, మంచి పట్టు ఉంటే చాలు.

ఎడమచేయి

శీను గారు పట్టు గురించి చెప్పినదంతా కుడిచేతి వాటం వారికి సరిపోతుంది. నాది ఎడమచేతి వాటం. మామూలు కత్తెరను ఎడమ చేత్తో మూస్తే బ్లేడ్లు ఒకదానికొకటి ఆనుకోవడానికి బదులు ఎడం అవుతాయి, వాటిని కలపడానికి బొటనవేలితో వ్యతిరేక దిశలో నెట్టవలసి వస్తుంది. 20 ఏళ్లు అలాగే నెట్టాను. బ్లేడ్లు తారుమారుగా అమర్చిన ఎడమచేతి కత్తెర తెప్పించుకున్నాక మొదటి రోజే చేయి తేలికపడింది. మల్లెపందిరి గారిది కుడిచేయే అయినా, ఇది చదివే ఎడమచేతివారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

వైట్‌ఫీల్డ్_వసుధ

మల్లెపందిరి గారూ, పాలగిన్నె మాట చదవగానే నాకు నా సంగతి గుర్తుకొచ్చింది. మూడేళ్ల క్రితం పాఠశాల వార్షికోత్సవానికి పిల్లల దుస్తులకు కుచ్చులు కత్తిరించి, సరిగ్గా మీరు చెప్పిన చోటే నొప్పి తెచ్చుకున్నాను. మొదట చూపించుకున్న చోట నొప్పి మాత్రలు రాసి పంపారు, నేనూ మాత్ర వేసుకుంటూ పని సాగించాను. రెండు నెలలు గడిచేసరికి తాళంచెవి తిప్పలేకపోయాను, పిల్లవాడి నీళ్ల సీసా మూత తీయలేకపోయాను. చివరికి ఆరు వారాలు బొటనవేలు కదలకుండా పట్టీ, దానితోపాటు ఒక ఇంజెక్షన్. ఆ రెండు నెలలూ పని ఆపి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని ఇప్పటికీ బాధపడతాను. దయచేసి నొప్పితో పని చేయకండి.

కీలు_కండరం

మారతహళ్లిలో ఫిజియోథెరపీ చేస్తాను. మీ చేయి చూడకుండా ఇదీ సమస్య అని నేను చెప్పకూడదు, కానీ వసుధ గారు చెప్పినదాన్ని వివరిస్తాను. బొటనవేలిని పక్కకూ వెనక్కూ ఎత్తే రెండు టెండాన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, మణికట్టు పక్కన ఒక ఇరుకైన తొడుగులోంచి వెళతాయి. వేలిని పదే పదే ఎత్తుతూ ఉంటే ఆ తొడుగు మందమై టెండాన్లు అందులో ఒరుసుకుంటాయి. స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వేన్ దీన్ని 1895లో వివరించారు, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచినప్పుడు ఆ చోటే పదునుగా నొప్పి వస్తే దీన్ని అనుమానిస్తాం. ఒక్కసారి మెల్లగా చూడండి, పదే పదే చేయకండి.

అదే నొప్పి బొటనవేలి మొదలున్న కీలులోనే ఉంటే అది కీలు అరుగుదల కావచ్చు, 50 దాటిన స్త్రీలలో తరచుగా చూస్తాం. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది మణికట్టు దగ్గర నరం ఒత్తుకోవడం. వేలు మడిస్తే ఇరుక్కుని టక్కుమని తెరుచుకుంటే అది వేరే సమస్య. మధుమేహం గానీ థైరాయిడ్ లోపం గానీ ఉన్నవారికి ఇలాంటివి త్వరగా వస్తాయి కాబట్టి వైద్యులతో ఆ విషయం తప్పకుండా చెప్పండి. ఒక్కొక్కదానికి చికిత్స ఒక్కో రకం, అందువల్ల ఒకసారి చూపించుకున్నాకే కత్తెర పట్టండి.

శీను గారి మాటల్లో పదును, పట్టు, బల్ల గురించి చెప్పినవన్నీ నిజమే. స్ప్రింగు అక్కరలేదన్నది మాత్రం ఒప్పుకోలేను. కత్తెర మూసేటప్పుడు గుప్పిట కండరాలు పని చేస్తాయి, అవి బలమైనవి. తెరిచేటప్పుడు పని చేసేవి నేను పైన చెప్పిన ఆ రెండు సన్నని టెండాన్లు. స్ప్రింగు ఉంటే కత్తెర తనంతట తనే తెరుచుకుంటుంది, అంటే నొప్పి ఉన్న చోటికి ఆ పని తప్పిపోతుంది.

కత్తెరశీను

మేడమ్, 31 ఏళ్లలో నేను వేల జాకెట్లు కత్తిరించాను. స్ప్రింగు లేకుండానే నా చేయి బాగుంది. మా గురువుగారు 70 దాటాక కూడా కత్తిరించేవారు.

కీలు_కండరం

మీ చేయి ఎప్పటికీ బాగుండాలనే కోరుకుంటాను. అయితే మీరు కోసేది పొడుగు కోత. ఒక చేతి ముక్క కోయడానికి కత్తెర పది పదిహేను సార్లు ఆడుతుంది, ప్రతిసారీ బ్లేడు పొడవంతా పని చేస్తుంది, మధ్యలో కొలత చూస్తారు, చాక్‌తో గీస్తారు, బట్ట తిప్పుతారు, అలా చేతికి విశ్రాంతి దొరుకుతుంది. మల్లెపందిరి గారు పెట్టింది అరంగుళం గాటు, అదీ రెండు గంటల పాటు ఆగకుండా. మీ దుకాణంలో ఒక జాకెట్టుకు ఎన్ని గాట్లు పెడతారో చెప్పండి.

కత్తెరశీను

మెడ వంపుకు పది పన్నెండు, చంక దగ్గర నాలుగైదు. మూడు వేల గాట్లు ఒకే బట్టకు నేనెన్నడూ పెట్టలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా ఇప్పుడు తోచింది. గాటు కుట్టు దగ్గర ఆగాలి కాబట్టి అందరూ కత్తెర కొసతో కోస్తారు. 10 అంగుళాల కత్తెరలో కొస మరకు చాలా దూరం, అక్కడ ఆరు పొరలు తెగాలంటే చేత్తో చాలా గట్టిగా నొక్కాలి. మర దగ్గర బట్ట పెడితే సులువుగా తెగుతుంది, కానీ అదుపు తప్పి కుట్టు తెగే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ పనికి చిన్న బ్లేడున్న కత్తెరే సరి, స్ప్రింగు ఉంటే ఇంకా మేలు.

నూలుపోగు

దారాలు తుంచడానికి వాడే చిన్న స్ప్రింగు కత్తెర కొనేయకండి, చిక్‌పేటలో ఏ దుకాణంలో అడిగినా ముందు అదే చూపిస్తారు. అది ఒకటి రెండు పొరలకు పనికొస్తుంది, ఆరు పొరలకు వేళ్లతో నలిపినంత పని అవుతుంది. పొట్టి, మందపాటి బ్లేడ్లు, పెద్ద పిడులు, మధ్యలో స్ప్రింగు ఉండి, రాగ్ క్విల్ట్ గాట్లకని ప్రత్యేకంగా చేసినవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేను ఫిస్కార్స్‌ది వాడుతున్నాను. పని లేనప్పుడు మూసి ఉంచే గొళ్లెం ఉందో లేదో చూసుకోండి, ఇంట్లో చిన్నపిల్ల ఉందన్నారు.

పొరలు తగ్గించుకునే దారి కూడా ఉంది. నడిమి పొరను పైపొరల కంటే అంగుళం చిన్నదిగా, అంటే 8 అంగుళాల చదరానికి 7 అంగుళాలుగా కోసి, మధ్యలో పెట్టి అడ్డగీత కుట్టు వేస్తే అది మార్జిన్‌లోకి రాదు. అప్పుడు ఆరు పొరలకు బదులు నాలుగే తెగాలి. పీచు కొంచెం తక్కువగా వస్తుంది, చేతికి మాత్రం చాలా తేడా తెలుస్తుంది.

చెన్నపట్నం_చెల్లి

గాట్ల సంగతి మీరంతా చెప్పేశారు, నేను ముక్కలు కోయడం గురించి చెబుతాను. మా చెన్నైలో గోడౌన్ స్ట్రీట్‌లో నూలుగుడ్డ కొంటే, అమ్మే అతను అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులతో సర్రున చింపి ఇస్తాడు, చీలిక నేత వెంట తిన్నగా వెళుతుంది. రాగ్ క్విల్ట్‌కు నేనూ అలాగే 8 అంగుళాల పట్టీలు చింపుకుని, అడ్డకోతకు మాత్రమే కత్తెర వాడతాను. చింపిన అంచు నుంచి నాలుగు పోగులు ఊడినా మార్జిన్ ఎలాగూ పీచు కావలసిందే కదా. కత్తెర పని సగానికి తగ్గింది.

పాతచీరలపెట్టె

చెల్లి గారూ, బాగున్న చేతులకు అది మంచి ఉపాయమే. కానీ చింపడంలో రెండు బొటనవేళ్లతో బట్టను బిగించి పట్టి విసురుగా లాగాలి, మల్లెపందిరి గారికి ఇప్పుడు అది మరింత కీడు చేస్తుంది. పైగా సాదా నేత నూలుకే అది కుదురుతుంది. అల్లిక బట్ట, అంటే టీషర్టు గుడ్డ, తిన్నగా చిరగదు.

చెన్నపట్నం_చెల్లి

నిజమే, నొప్పి ఉన్నవారి సంగతి నేను ఆలోచించలేదు. మా ఇంట్లో చింపే పని మా అబ్బాయి చేస్తాడు, వాడికి ఆ చప్పుడు ఇష్టం.

పీణ్యా_కటింగ్

పీణ్యలో గార్మెంట్స్ కటింగ్ విభాగంలో చేస్తాను. చదరాలు కోయడానికి కత్తెర కంటే రోటరీ కట్టర్ మంచిది. గుండ్రటి బ్లేడు, పిజ్జా కోసేదాని లాగా దొర్లుతుంది, బొటనవేలు తెరవడం మూయడం అసలే ఉండదు. జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో దీన్ని తెచ్చింది. 45 మిల్లీమీటర్ల బ్లేడు మామూలుగా వాడతారు, నాలుగైదు పొరల ఫ్లానెల్ ఒకేసారి కోయాలంటే 60 మిల్లీమీటర్లది తక్కువ ఒత్తిడితో కోస్తుంది. కింద దానికని చేసిన మ్యాట్ ఉండాలి. నిలబడి, నడుము ఎత్తు బల్ల మీద, మణికట్టు వంచకుండా భుజంతో ముందుకు నెట్టాలి. ఎప్పుడూ మీ ఒంటికి దూరంగానే దొర్లించండి, చేతిలోంచి కింద పెట్టే ప్రతిసారీ బ్లేడు మూయండి. ఒకచోట పోగులు తెగకుండా వదిలేస్తుంటే బ్లేడు మార్చే సమయం వచ్చినట్టే, గట్టిగా నొక్కి పని గడుపుకోవాలని చూడకండి, మణికట్టు నొప్పి అక్కడే మొదలవుతుంది. మా దగ్గర కరెంటు కత్తి నడిపేవారు ఎడమ చేతికి ఇనుప జాలీ గ్లౌజు వేసుకుంటారు. ఇంట్లో రోటరీ వాడినా స్కేలు పట్టుకున్న చేతికి ఏదో ఒక రక్షణ పెట్టుకోండి.

గాట్లకు మాత్రం దీన్ని వాడకండి. క్షణంలో కుట్టు దాటి పోతుంది.

మల్లెపందిరి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. కీలు_కండరం గారి మాట విని మరునాడే ఎముకల డాక్టరుగారికి చూపించాను. వసుధ గారికి వచ్చినదే, ఇంకా మొదటి దశలోనే ఉందన్నారు. రెండు వారాలు పట్టీ కట్టుకున్నాను, మావారు పాలగిన్నెలు దించారు, జడలు కోడలు వేసింది. నొప్పి తగ్గాక, డాక్టరుగారు సరేనన్నాకే స్ప్రింగు కత్తెర తెప్పించుకుని మొదలుపెట్టాను.

ఒళ్లో పెట్టుకోవడం మానేసి భోజనాల బల్ల మీద క్విల్ట్ మొత్తం పరిచాను, వేలాడే భాగానికి పక్కన ఒక కుర్చీ వేశాను. మాస్టారు చెప్పిన 560 గాట్లను రోజుకు 80 చొప్పున పంచుకున్నాను, అదీ ఉదయం 40, సాయంత్రం 40. ఫోనులో పది నిమిషాలకు గంట పెట్టుకుని, అది మోగగానే సగంలో ఉన్నా ఆపేశాను. మొదటి రోజు చేయి తనంతట తనే కత్తెరను తెరవబోయింది, స్ప్రింగుకు వదిలేయడం అలవాటు కావడానికి ఇరవై ముప్పై గాట్లు పట్టింది. ఏడో రోజు సాయంత్రం చివరి మూల కత్తిరించాను. నొప్పి మళ్లీ రాలేదు.

ఒక చోట కుట్టు తెగింది, నీలం చదరం, పసుపు చదరం కలిసే దగ్గర. దానికేం చేయాలి?

కత్తెరశీను

ఉతకకముందే సరిచేయండి. తెగిన చోటికి అంగుళం ముందు మొదలుపెట్టి, పాత కుట్టుకు నూలుపోగంత లోపలికి, అంగుళం దాటేవరకు మిషన్ మీద ఇంకో వరుస వేయండి, రెండు చివర్లా వెనక్కి కుట్టి బిగించండి. ఆ పక్క గాట్లు కొత్త కుట్టు దాటి లోపలికి రాకుండా చూసుకోండి.

నూలుపోగు

మొదటి ఉతుకు మిషన్‌లో వేస్తే విడిగా వేయండి, అయిపోయిన వెంటనే ఫిల్టరు తీసి నూగు కడగండి, గుప్పెడు వస్తుంది. ఆరేసే ముందు డాబా మీద ఇద్దరు చెరో కొస పట్టుకుని దులపండి. మీరు పట్టుకుంటే మాత్రం ఎడమ చేత్తోనే పట్టుకోండి.

మల్లెపందిరి

కుట్టు సరిచేశాను. రేపు ఎండ ఉంటే ఉతుకుతాను. దులపడానికి మావారు, కోడలు ఉన్నారు.